ఆ మంత్రిని ఇంటికి పంపడం ముమ్మాటికీ న్యాయమే

రుమేనియా విదేశాంగ మంత్రి నికొలాయె టిటులెస్కును రాజు రెండో కరోల్ 1936 ఆగస్టు 29న పదవి నుంచి తప్పించడం అన్యాయమని చరిత్రకారులు ఇప్పటికీ వాపోతుంటారు. అభియోగాలు ఒక్కొక్కటే చూస్తే, రాజుగారు అన్నాళ్ళు ఓపిక పట్టడమే గొప్ప.

అసలు ఈయన సివిల్ లా ఆచార్యుడు. అలాంటివాణ్ని రాయబారిగా పంపితే ఏమవుతుందో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత హంగరీ నుంచి రుమేనియాకు వచ్చిన ట్రాన్సిల్వేనియా భూముల తగాదా చూస్తే తెలుస్తుంది. హంగరీ పౌరసత్వం కోరుకున్న భూస్వాముల ఎస్టేట్లను రుమేనియా భూసంస్కరణ కింద తీసుకుంది. హంగరీతో ఆ యుద్ధాన్ని ముగించిన ట్రియనాన్ సంధి 250వ అధికరణం ప్రకారం అది చెల్లదని హంగరీ. సంస్కరణ అందరికీ ఒకటే, మీవాళ్ళకు ప్రత్యేక మర్యాద దేనికని టిటులెస్కు. అవతల వాదించింది ఎనభై దాటిన కౌంట్ అపోన్యి. 1927లో ఇరుదేశాల జడ్జిలూ ఉన్న మిశ్రమ ట్రిబ్యునల్ ఈ కేసు మా పరిధిలోదే అనగానే రుమేనియా తన న్యాయమూర్తిని వెనక్కి పిలిచేసింది. జడ్జి లేకపోతే తీర్పు ఉండదుగా! 1923లో ఐక్యరాజ్యసమితికి ముందుండిన నానాజాతి సమితికెక్కిన ఆ వ్యాజ్యం 1930లో గానీ దిగలేదు. పల్లెటూరి గట్టు తగాదాలే ఇంతకన్నా త్వరగా తేలతాయి.

దానికి శిక్షగా అన్నట్టు అదే ఏడు సమితి మహాసభ ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. 1931లో మళ్ళీ ఆయననే. వరసగా రెండుసార్లు ఆ కుర్చీ ఇంకెవరికీ దక్కలేదు. రెండో విడత సభ నడుస్తుండగానే జపాన్ మంచూరియాలో దిగింది. అధ్యక్షుడి దగ్గర గంట ఉంది గానీ సైన్యం లేదు.

ఇక నోటి దురుసు. 1936 జూన్ 30న ఇటలీ ఆక్రమించిన ఇథియోపియా చక్రవర్తి హైలె సెలాసీ జెనీవా సభలో గోడు చెప్పుకుంటుంటే ఇటలీ విలేకరులు గ్యాలరీలోంచి ఈలలు వేశారు. మిగతా ప్రతినిధులు పద్ధతిగా ఇబ్బంది పడుతూ కూర్చుంటే, ఈయన లేచి ఈ అనాగరికుల్ని బయటికి గెంటండని ఫ్రెంచిలో అరిచాడు. ముస్సోలినీ మనసు నొచ్చుకుంటుందన్న ఇంగితం ఉండొద్దూ?

కాగితాల పిచ్చి మరీ ఎక్కువ. 1933 ఫిబ్రవరి 16న చెకొస్లొవేకియా, యుగొస్లావియాలతో కలిసి తమ మూడు దేశాల పొత్తు అయిన లిటిల్ ఆంటాంట్‌కు శాశ్వత మండలి పెట్టించాడు. ముగ్గురు విదేశాంగ మంత్రులూ ఏడాదికి కనీసం మూడుసార్లు కలవాలి. మిగతా ఇద్దరూ ఒప్పుకోనిదే ఎవరూ కొత్త రాజకీయ ఒప్పందం చేసుకోకూడదు. పకడ్బందీ ఏర్పాటే. లోపం పునాదిలో ఉంది: ఆ పొత్తు సైనిక హామీలు ప్రధానంగా హంగరీని అడ్డుకోవడానికి రాసుకున్నవి. జర్మనీ కదిలితే ఏం చేయాలో వాటిలో లేదు. 1934 బాల్కన్ ఒప్పందానిదీ అదే వరస. గ్రీస్, టర్కీ, యుగొస్లావియా చేరాయి, ఎవరిని చూసి భయపడి రాసుకున్నారో ఆ బల్గేరియా బయటే ఉండిపోయింది.

అసలు నేరం 1936 జూలై 21న మాంత్రోలో జరిగింది. సోవియట్ మంత్రి లిత్వినోవ్‌తో పరస్పర సహాయ ఒప్పందానికి పొడి సంతకాలు పెట్టాడు. రుమేనియా పిలవందే సోవియట్ సేన ద్నీస్టర్ నది దాటకూడదు. పొమ్మంటే నదికి తూర్పున వెళ్ళిపోవాలి. ద్నీస్టర్ నదికి పడమటనున్న బెసరాబియా రుమేనియాదని మాస్కో ఏనాడూ ఒప్పుకోలేదు. ఆ పేరు ఎత్తకుండానే నదిని సరిహద్దుగా ఒప్పించే ఎత్తు ఇది. పూర్తి సంతకాలు సెప్టెంబరులో. అంటే రాజుగారికి మిగిలింది ఆగస్టు ఒక్కటే.

తొలగించిన తీరు ఔత్సాహికులు నేర్చుకోదగ్గది. మంత్రి విదేశాల్లో ఉన్న సమయం చూడాలి. ఆయన్ని రాజీనామా అడగకూడదు. ప్రధాని తతరెస్కు మంత్రివర్గం మొత్తంతో రాజీనామా ఇప్పించి, అదే రోజు దాదాపు అదే మంత్రివర్గాన్ని మళ్ళీ ప్రమాణం చేయించాలి. ఒక్క పేరు జారిపోతుంది. ఎవరినీ పీకేసినట్టు ఉండదు.

1940 జూన్‌లో సోవియట్ సేన ఎవరూ పిలవకుండానే ద్నీస్టర్ దాటింది. ఆగస్టు 30న ఉత్తర ట్రాన్సిల్వేనియా హంగరీకి పోయింది. సెప్టెంబరు 6న రాజుగారు గద్దె దిగారు. మర్నాడు దక్షిణ దోబ్రుజాను బల్గేరియాకు రాసిచ్చిన సంధి క్రయోవాలో కుదిరింది. టిటులెస్కు పుట్టిన ఊరు. ఫ్రాన్స్‌లో మంచం పట్టినవాణ్ని కనీసం దానికైనా పిలవాల్సింది, హోటళ్ళు ఎక్కడున్నాయో చెప్పేవాడు.