పప్పు చిక్కగా ఉందా, నీళ్లలా ఉందా?

అంగన్‌వాడీ భోజనం కడుపు నింపితే చాలదు, పోషకాలు కూడా లెక్క ప్రకారం ఉండాలని ఒక వ్యాసంలో చదివాను, నూటికి నూరుపాళ్లు నిజం. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చినప్పుడే అందులో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఉదయం స్నాక్, వేడి భోజనం కలిపి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ అని రాశారు. ఇది పెద్ద లెక్కేం కాదండీ. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో ఇంకో 6 గ్రాములు, మిగతాది అన్నంలోంచే వస్తుంది. కానీ గుడ్డు మానేసి, పప్పు నీళ్లలా పోస్తే కాగితం మీది లెక్క పిల్లాడి పళ్లెంలోకి రాదు కదా.

మేం ఉండేది హైదరాబాద్‌లో తార్నాక దగ్గర, జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందు నుంచే రోజూ వెళ్తాను. మా అమ్మాయిని వేసిన ప్రైవేటు ప్లే స్కూల్లో మాత్రం పదకొండింటికి రెండు క్రీమ్ బిస్కెట్లు, ఓ జ్యూస్ ప్యాకెట్ ఇచ్చేవారు, అడిగితే పిల్లలు అవే తింటారు మేడమ్ అన్నారు. అలవాటు చేసింది మనమే కదా! నెలన్నర పోరాడితే ఇప్పుడు వారానికి మూడు రోజులు ఉడికించిన శనగలు, అరటిపండు పెడుతున్నారు, పాప ఇంటికొచ్చి కూడా శనగలు అడుగుతోంది.

ఇంకోటి, ఆకుకూర పప్పు పెట్టినప్పుడు కాస్త నిమ్మరసం పిండండి, అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. మీ పిల్లల అంగన్‌వాడీ సెంటర్‌కి ఒక్కసారి భోజనం టైమ్‌కి వెళ్లి పప్పులో గరిటె తిప్పి చూడండి, ప్లీజ్.