బొమ్మ కొంటారు సరే, దాని దారి ఖర్చు ఎవరిది?

"పంపే ఖర్చు మీదే కదా మేడం?"

ఈ ప్రశ్నకు ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక నాకు అయిపోయింది. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పొడవుగా ఉంటుంది, కాస్త కోపంగా కూడా ఉంటుంది. ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

అనంతపురంలో కూర్చుని బొమ్మలు వేసేవాళ్లకు కొనేవాళ్లు ఊళ్లో తక్కువ. బెంగళూరు, హైదరాబాద్, ఎప్పుడైనా పుణె, దిల్లీ. ఫోనులో ఫొటో చూస్తారు, నచ్చుతుంది, బేరం ఆడతారు. ఆడాలి కూడా, బేరం ఆడకుండా కొనే మనిషిని చూస్తే నాకే అనుమానం వస్తుంది. చివరికి ఒక ధర దగ్గర ఇద్దరం ఒప్పుకుంటాం. అక్కడిదాకా అందరూ పెద్దమనుషులే. ప్యాకింగుకు ఇంత, రవాణాకు ఇంత అని నేను నోరు తెరవగానే గొంతు మారుతుంది. "ఆన్‌లైన్లో మిక్సీ కొంటే ఉచితంగా గుమ్మం ముందు పెట్టి వెళుతున్నారు కదండీ!" మిక్సీ పగిలితే గోదాములోంచి ఇంకొకటి తీసి పంపుతారు. నా బొమ్మ చిరిగితే తీసి పంపడానికి దానికి అక్కచెల్లెళ్లు లేరు.

అచ్చు బొమ్మల సంగతి వేరు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టించబట్టే ఆయన లక్ష్మీదేవి, సరస్వతి మన పూజగదుల దాకా వచ్చారు. అలాంటి పటం తడిస్తే కొత్త పటం కట్టించుకుంటాం, అంతే. లేపాక్షి చిత్రకారులకైతే అసలు ఈ గొడవే లేదు. పదహారో శతాబ్దంలో ఏకంగా గుడి పైకప్పు మీదే వేసి పోయారు. చూడాలంటే మనమే వెళ్లి మెడ నొప్పి పుట్టేలా తల ఎత్తి చూడాలి. కాన్వాసు మీద వేసే మాకే వచ్చింది ఈ తంటా. మాది కదిలే సరుకు, కానీ ఒక్కటే సరుకు.

ముందు ఆరడం గురించి చెబుతాను. "మీ ఊరి ఎండకు రెండు రోజుల్లో ఆరిపోదా?" అని అడిగినవాళ్లున్నారు. ఆయిల్ రంగు దండెం మీద బట్టలా ఆరదు. బట్టలోంచి నీరు ఆవిరై పోతుంది. రంగులో ఉన్న అవిసె నూనె ఆవిరి కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. వేలితో తాకితే అంటుకోని స్థితికి రావడానికే వారం పది రోజులు పట్టవచ్చు. మందంగా వేసిన చోట పైపొర గట్టిపడినా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. చివరి వార్నిషు వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగడం పాతకాలం నుంచి ఉన్న పద్ధతి. కాబట్టి వచ్చే శుక్రవారం గృహప్రవేశం పెట్టుకుని ఈ ఆదివారం ఫోను చేసి "కొత్తది వేసి పంపండి" అనకండి. ఎప్పుడో వేసి గోడకు ఆనించి పెట్టినవి ఉన్నాయి, వాటిలో ఒకటి ఎంచుకోండి.

అక్రిలిక్ రంగు గంటలో ఆరుతుంది, నిజమే. అయితే అది ప్లాస్టిక్ జాతి, వేడికి మెత్తబడుతుంది. మే నెలలో మా దగ్గర 42 డిగ్రీలు అంటే అది వార్త కూడా కాదు. తలుపులు మూసిన లారీలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. ఒక మిత్రుడు తన బొమ్మను నేరుగా బబుల్ ర్యాప్‌లో చుట్టి ఎండాకాలంలో చెన్నై పంపాడు. విప్పితే ఆకాశం నిండా గుండ్రటి గుర్తులు. ఎదురుగా నిలబడి చూస్తే కనపడవు. కిటికీ పక్కకు జరిపి వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే మాత్రం నీలి రంగు మీద బుడగ పక్కన బుడగ, వరుస కింద వరుస. కొన్నావిడ "ఇది మీ శైలి అనుకున్నాను" అన్నదట! అంత మంచివాళ్లు అందరికీ దొరకరు.

అందుకని రంగు మీద మొదట వేయాల్సింది గ్లాసిన్ కాగితం. పలచగా, నున్నగా ఉంటుంది, రంగుకు సులువుగా అంటుకోదు. నేను బెంగళూరు నుంచి తెప్పించుకుంటాను. అక్రిలిక్ మరీ మందంగా ఉంటే అది కూడా పట్టుకుంటుంది, అప్పుడు సిలికాన్ పూత ఉన్న కాగితం వాడాలి. ఆ తర్వాత నాలుగు మూలలకు అట్ట తొడుగులు. కిందపడ్డ బొమ్మకు ముందు దెబ్బ తగిలేది మూలకే. ఆ తొడుగుల మందం వల్ల ముందూ వెనకా పెట్టే గట్టి అట్టలు కాన్వాసును తాకకుండా నిలుస్తాయి. "వెనక అట్ట దండగ కదా" అని ఒకాయన వాదించాడు. కాన్వాసును వెనక నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కితే చాలు, ముందు వైపు రంగు చిట్లుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. కొన్నేళ్లు పోయాక గుండ్రటి బీటగా బయటపడుతుంది, అప్పుడు తిట్లు నాకు. అట్టల పైన బబుల్ ర్యాప్, బుడగలు బయటి వైపుకు. దాని పైన వాన తడపకుండా ప్లాస్టిక్ షీటు. గాజు ఉన్న ఫ్రేము అయితే గాజు మీద అడ్డంగా నిలువుగా టేపు అంటించాలి. పగిలినా ముక్కలు జారి లోపలి బొమ్మను కోయకుండా ఉంటాయి. దూరం పంపేవాటికి గాజు వద్దనే చెబుతాను, అక్రిలిక్ షీటు వేయించుకోండి.

చివరికి పెట్టె. మా వడ్రంగి మొదట్లో నవ్వేవాడు: "అక్కా, ఇంత ప్లైవుడ్ పెడితే ఇందులో మనిషిని పంపవచ్చు." మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న బొమ్మకు చుట్టూ రెండంగుళాల ఖాళీ వదిలి, ఆ ఖాళీలో ఫోమ్ కూరి, మరలతో బిగిస్తాడు. మేకులు కొట్టనివ్వను. కొట్టేటప్పుడు సుత్తి అదురు లోపలికి పోతుంది, అవతల విప్పేవాడు గడ్డపార పట్టుకుంటాడు. ఇప్పుడు అతనే మరల తలల మీద సున్నపు ముక్కతో గుండ్రంగా గుర్తు పెట్టి, "ముందు ఇవి తియ్యాలి" అని రాస్తున్నాడు. నా బొమ్మలు కొన్నవాళ్లలో చాలామంది కన్నా ఆ మనిషికే వాటి మీద ఎక్కువ గౌరవం ఉంది.

ఇక కొరియర్ లెక్క. ఇక్కడే అందరూ నన్ను దొంగలా చూస్తారు, కాబట్టి అంకెలతో చెబుతాను. పెద్ద పెట్టెలకు వాళ్లు తూకం ఒక్కటే చూడరు, అది ఆక్రమించే చోటు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలాచోట్ల 5000తో భాగిస్తారు. వచ్చినది అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. పైన చెప్పిన పెట్టె 132 సెంటీమీటర్ల పొడవు, 101 వెడల్పు, 12 మందం. గుణించి భాగిస్తే 32 కిలోలు. కాటా మీద పెడితే అందులో సగం ఉంటుంది. మిగతా సగానికి మీరు గాలికి కిరాయి కడుతున్నారు, నేను కాదు తినేది.

"అయితే ఊరికే చుట్టి గొట్టంలో పంపండి" అంటారు తెలివైనవాళ్లు. చుట్టవచ్చు. రంగు బయటి వైపు ఉండేలా, లావు పీవీసీ గొట్టం మీద, మధ్యలో కాగితం వేసి. లోపలి వైపుకు చుడితే రంగు నలిగి ముడతలు పడుతుంది. సన్నటి గొట్టమైతే పగుళ్లు ఖాయం. మందంగా కత్తితో రుద్ది వేసిన రంగునూ, పూర్తిగా ఆరని ఆయిల్‌నూ చుట్టనే కూడదు. చుట్టి పంపినదాన్ని మీ ఊళ్లో ఎవరో ఒకరు మళ్లీ చట్రానికి బిగించాలి కదా? ఆ ఎవరో ఒకరు చట్రం చిన్నదైందని అంచు కత్తిరించి, దాంతోపాటు సంతకం కూడా సగం కత్తిరించిన బొమ్మ ఫొటో నాకు వచ్చింది. ధన్యవాదాలు చెబుతూ పంపారు!

బీమా గురించి. కౌంటర్ దగ్గర "విలువ ఎంత వేయమంటారు, అయిదు వందలు వేద్దామా?" అని అడుగుతారు. కొనేవాళ్లు కూడా "తక్కువ వేయండి మేడం, ఖర్చు తగ్గుతుంది" అంటారు. అయిదు వందలని రాసిన కాగితం పట్టుకుని అరవై వేలు అడిగితే ఎవరిస్తారు? రోడ్డు రవాణా సంస్థలకు 2007లో చట్టం, 2011లో దాని నియమాలు వచ్చాయి. ఎక్కువ విలువ ముందే ప్రకటించి దానికి తగ్గ అదనపు రుసుము కట్టకపోతే, సరుకు పోయినా పాడైనా వాళ్ల బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లు దాటదు. రెండు వేలు కిరాయి కడితే ఇరవై వేలు. మిగతా నలభై వేలు నా జేబులోంచా, మీ జేబులోంచా? ఈ మాట డబ్బు చేతులు మారకముందే తేల్చుకోవాలి. చాలామందికి ఈ ప్రశ్నే మొరటుగా అనిపిస్తుంది, నాకు తెలుసు. పెట్టె పగిలాక అడిగితే ఇంకా మొరటుగా ఉంటుంది.

సామాను మోసే కుర్రాళ్లను తిట్టడం నాకు ఇష్టం లేదు. రాత్రి రెండు గంటలకు లారీ నింపేవాడికి "నిలబెట్టి ఉంచండి" అన్న బాణం గుర్తు చూసే తీరిక ఉండదు. పడుకోబెట్టి పైన బస్తాలు పెట్టినా తట్టుకునే పెట్టె చేయడమే నా పని. దానికయ్యే డబ్బు ఇవ్వడం మీ పని.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక ముక్క. మామూలు చెక్కతో చేసిన పెట్టె దేశం దాటాలంటే ఆ చెక్క నడుమ దాకా 56 డిగ్రీల వేడి ఎక్కాక 30 నిమిషాలు అలాగే ఉంచి ముద్ర వేయించాలి, పురుగులు దాటకుండా. ప్లైవుడ్‌కు ఆ బాధ లేదు. అందుకే ప్లైవుడ్.

కాగితాల విషయానికి వస్తే, బొమ్మతోపాటు బిల్లు, నా సంతకంతో ధ్రువపత్రం పంపుతాను: పేరు, కొలతలు, ఏ రంగులు, ఏ సంవత్సరం. వాటిని పారేయకండి, రేపు మీరు అమ్ముకోవాలంటే అవే ఆధారం. అయితే బొమ్మ కొంటే దాని కాపీ హక్కు కూడా వచ్చేసిందనుకుని పెళ్లి శుభలేఖల మీద, దుకాణం క్యాలెండర్ల మీద అచ్చు వేసేవాళ్లున్నారు. రాదండీ. మీరు గోడకు తగిలించుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మనవడికి రాసివ్వవచ్చు. అచ్చు వేయాలంటే నన్ను అడగాలి. మీరే అడిగి డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న బొమ్మ మాత్రం వేరు. అక్కడ ఇంకో రకంగా ఒప్పందం రాసుకోకపోతే 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు మీదే. ఇదే చట్టంలో ఇంకో సంగతి ఉంది. అసలు బొమ్మ పది వేలకు మించిన ధరకు మళ్లీ అమ్ముడుపోతే చిత్రకారుడికి అందులో వాటా ఉంటుంది, పది శాతం దాటకుండా. ఆ వాటా చేతికి వచ్చినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

కొన్నంత మాత్రాన పాడుచేసే హక్కు కూడా రాదు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ దిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. డబ్బిచ్చి చేయించుకున్నది కేంద్ర ప్రభుత్వమే. అయినా 2005లో దిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇవ్వమంది, అయిదు లక్షలు పరిహారం కూడా కట్టమంది. తీయడంలో, మోయడంలో, పడేయడంలో చూపిన నిర్లక్ష్యానికి అది ఖరీదు. ఇరవై ఆరేళ్లు పట్టిందనుకోండి.

కొనేవాళ్లన్నా నయం, నాలుగు రూపాయలు ఇస్తారు. సన్మాన సభలవాళ్లున్నారు చూడండి! "ముఖ్య అతిథికి జ్ఞాపికగా ఒక బొమ్మ ఇవ్వండి మేడం, మీకూ ప్రచారం వస్తుంది." శాలువాకు డబ్బు కడతారు, పూలదండకు కడతారు, మైకువాడికి కడతారు, బొమ్మకు మాత్రం ప్రచారం. ఒకసారి మా ఊళ్లోనే ఒక సభలో చూశాను. మెరిసే కాగితం చుట్టి టేపును నేరుగా కాన్వాసు అంచుకే అంటించారు. వేదిక మీద తలకిందులుగా పట్టుకుని ఫొటో దిగారు. అయ్యాక అతిథిగారి డ్రైవరు కారు డిక్కీ తెరిచి, బొమ్మను వెల్లకిలా పరిచి, దాని మీద ఆ రోజు పడిన దండలన్నీ వేశాడు. నీళ్లు చల్లిన చామంతి దండలు. కాగితం చిరిగిన చోట నీరు దిగి కాన్వాసు అప్పుడే ఉబ్బడం మొదలైంది. అది వాటర్ కలర్ కాకపోవడం ఒక్కటే అదృష్టం. బొమ్మ నాది కాదు, కానీ వేసిన కుర్రాడు నా పక్కనే నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

నా తోటివాళ్లకు కూడా ఒక మాట. "పంపే ఖర్చు నేనే పెట్టుకుంటాను" అని మీరు ఒప్పుకున్న ప్రతిసారీ, ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట కోస్తున్నారు. చవక కాన్వాసు, పల్చటి చట్రం, పాత అట్టపెట్టె. బొమ్మ ధరలో దాన్ని దాచి చూపించకండి, బిల్లులో విడిగా ఒక పద్దు రాయండి. నలుగురం రాస్తే అయిదోవాడికి అడగడం సులువవుతుంది. డబ్బు పంపుతామంటూ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమనేవాళ్లతో కూడా జాగ్రత్త. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు. కొత్తవాళ్లు ఇప్పటికీ ఇందులో పడుతూనే ఉన్నారు.

పెట్టె అందినవాళ్లు ఇవి చేయండి. సంతకం పెట్టేముందు పెట్టె నాలుగు వైపులా ఫొటో తీయండి, నలిగి ఉంటే రసీదు మీదే రాయండి. వెంటనే విప్పకండి. మా పొడి గాలిలోంచి విశాఖ తేమలోకి వచ్చిన చెక్కకూ గుడ్డకూ ఒక పూట సమయం ఇవ్వండి. విప్పుతున్నప్పుడు వీడియో తీయండి. కత్తి పట్టుకుంటే పై టేపు వరకే, లోపలికి దించకండి. దేశమంతా తిరిగి క్షేమంగా వచ్చిన కాన్వాసును ఇంట్లోవాళ్లే కోసిన కథలు కావలసినన్ని ఉన్నాయి. తగిలించాక కాస్త వదులైనట్టు కనిపిస్తే, చట్రం వెనక మూలల్లో ఉన్న చిన్న చెక్క చీలలను మెల్లగా తట్టండి, బిగుస్తుంది. ఎదురెండ పడే గోడ వద్దు.

కర్నూలు, కడప వాళ్లకు రవాణా ఖర్చు లేదు. బస్సెక్కి రండి, కాఫీ ఇస్తాను, వెలుతురులో బొమ్మ చూసుకుని మీ చేతులతోనే పట్టుకెళ్లండి. ప్యాకింగ్ డబ్బు మాత్రం మీరూ ఇవ్వాల్సిందే.