శీఘ్రదర్శనం లెక్క హంపికి పనికిరాదు

సెలవులు దగ్గరపడ్డాయంటే నెల్లూరులోనూ ఒంగోలులోనూ ట్రావెల్స్ బోర్డుల మీద హంపి, ఆగ్రా, ఢిల్లీ పేర్లు వరసగా కనబడతాయి. కొడుకో కూతురో విదేశంలో స్థిరపడిన ఇళ్ళలో రోమ్, ఏథెన్స్ మాటలూ వినబడుతున్నాయి. రైలు బెర్తుల గురించి, హోటల్ గదుల గురించి నెలల ముందు నుంచే ఆలోచిస్తాం. తీరా చూడబోయే కట్టడం ప్రవేశ టికెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకటే ప్రశ్న: "క్యూలో నిలబడకుండా లోపలికి పోయేది ఏదన్నా ఉందా?" ఉంటే ఎంతైనా సరే తీసేసుకోమంటాం. వందల ఏళ్ళ నాటి కట్టడం చూడబోయేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఇది కాదు. లోపల ఎంతసేపు ఉండనిస్తారు, ఎక్కడెక్కడికి పోనిస్తారు అని అడగాలి.

ఈ అలవాటు మనకు గుడి దగ్గర పట్టుకుంది. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళం ఇచ్చినవాళ్ళకు బ్రేక్ దర్శనం, చాలా పెద్ద గుళ్ళలో శీఘ్రదర్శనం కౌంటరు. ఎక్కువ కట్టినవాడు ముందు పోతాడు, ముందు బయటపడతాడు. గుడిలో కూడా ఈ పద్ధతి నాకు మింగుడుపడదు. అయినా అక్కడ భక్తుడు కోరేది ఆ రెప్పపాటే. స్వామి ముందు ఒక్క క్షణం నిలబడితే చాలనుకుని కొండెక్కుతాడు. అదే రెప్పపాటు హంపిలో విఠల దేవాలయం ముందు నిలబడితే ఏం దక్కుతుంది? రాతి రథం బొమ్మ 50 రూపాయల నోటు మీదే ఉంది. అంత దూరం వెళ్ళేది ఆ బొమ్మలో లేనివాటి కోసం. అక్కడి మంటపాల్లో ఒక్కో స్తంభం ముందు ఆగి చూడటానికే పావుగంట పడుతుంది. పిల్లలతో వెళ్తే ఇంకా ఎక్కువే పట్టాలి.

కాబట్టి టికెట్ ధరలో కనిపించే అదనపు సొమ్ము రెండు రకాలని ముందు గుర్తుపట్టాలి. ఒక రకం సొమ్ము కట్టడంలో ఇంకొంచెం లోపలికి పోనిస్తుంది. ఇంకో రకం మన ముందున్న మనిషిని దాటుకుని పోనిస్తుంది. మొదటిదానికి నిస్సంకోచంగా జేబులో చెయ్యి పెట్టండి. రెండోదానికి రూపాయి కూడా ఇవ్వకండి. టికెట్ ఎంచుకోవడానికి ఇంతకు మించిన సూత్రం నాకు అక్కర్లేదు.

తాజ్‌మహల్‌నే చూడండి. భారతీయులకు ప్రవేశం 50 రూపాయలు. ప్రధాన సమాధి మందిరంలోకి పోవాలంటే ఇంకో 200. రద్దీ తగ్గించడానికని 2018 డిసెంబరులో ఇది పెట్టారు. యాభైతో సరిపెట్టుకుని బయటి నుంచే ఫోటోలు దిగి వచ్చేసేవాళ్ళు చాలామందే ఉంటారు. రెండు రాత్రులు రైల్లో కూర్చుని పోయి ఆ 200 దగ్గర వెనకాడటం నాకు అర్థం కాదు. పాలరాయిని జల్లెడలా చెక్కిన తెర, దాని మీద రంగురాళ్ళు పొదిగిన పూలు, ఆ తెర వెనక ముంతాజ్, షాజహాన్‌ల పేరు మీద ఉన్న సమాధులు, అన్నీ లోపలే. అసలు సమాధులు ఇంకా కింద, నేలమాళిగలో ఉన్నాయి. షాజహాన్ ఉర్సు రోజుల్లో దాన్ని కూడా తెరుస్తారు, అప్పుడు టికెట్టూ ఉండదు. తేదీలు చూసుకుని వెళ్ళగలిగినవాళ్ళకు అంతకు మించిన అదృష్టం లేదు. పదిహేనేళ్ళలోపు పిల్లలకు ఎప్పుడూ ఉచితమే. శుక్రవారం సందర్శకులకు తాజ్ మూసి ఉంటుందన్న సంగతి టూరు ఖరారు చేసుకునే ముందే చూసుకోండి.

హంపిలో లెక్క ఇంకా తేలిక. 40 రూపాయల టికెట్ ఒక్కటి తీసుకుంటే విఠల దేవాలయం, లోటస్ మహల్ ఉన్న రాణివాసం, ఏనుగుల శాల, కమలాపురం మ్యూజియం అన్నీ ఆ రోజంతా చూడొచ్చు. ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఇంకో ఐదు రూపాయలు తగ్గుతుంది. ఇంత మంచి టికెట్‌ను మధ్యాహ్నం మూడింటికి కొని, విఠల దేవాలయం గబగబా చుట్టేసి, చీటీ పారేసి బస్సెక్కేస్తాం. ఈ టికెట్‌ను పొద్దున్నే కొనాలి, దాని విలువంతా పొద్దులోనే ఉంది. పార్కింగు నుంచి గుడిదాకా బ్యాటరీ బండి కోసం నిలబడే బదులు నడిచిపోండి. దారిలో గెజ్జల మంటపం, కుదురె గొంబె మంటపం తగులుతాయి. బండిలో పోయేవాళ్ళకు అవి కిటికీలో మెరిసి మాయమవుతాయి. టికెట్ మీద మిగిలిన సొమ్ముతో గుర్తింపు కార్డున్న గైడును పెట్టుకోండి. హంపిలో ప్రత్యేక టికెట్ అంటూ ఏదన్నా ఉందంటే అది మంచి గైడే.

ఇక రోమ్. అక్కడి పురాతన క్రీడారంగం కొలోసియం మామూలు టికెట్ 18 యూరోలు, 24 గంటలు చెల్లుతుంది, పక్కనున్న రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కూడా అందులోనే. 24 యూరోల టికెట్ అయితే రెండు రోజులు చెల్లుతుంది. అది జంతువులనూ మల్లయోధులనూ ఉంచిన నేలమాళిగలోకి పోనిస్తుంది. ఆరు యూరోల తేడాకు ఒక రోజు అదనం, ఒక అంతస్తు అదనం. నేను చెప్పే మొదటి రకం అదనానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నెల రోజుల ముందే కంప్యూటర్ ముందు కూర్చుని అది సంపాదించాలి. కానీ జరిగిందేమిటి? అధికారిక సైటు తెరిచిన కాసేపటికే టికెట్లు మాయం. కంప్యూటర్ ప్రోగ్రాములతో టూర్ సంస్థలు మూకుమ్మడిగా కొనేసి, క్యూ తప్పిస్తామనీ గైడును ఇస్తామనీ జోడించి పెద్ద ధరకు అమ్ముకున్నాయి. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ విచారించి, 2025 ఏప్రిల్‌లో టికెట్లు అమ్మే బాధ్యత చూసిన కోప్‌కల్చర్ సంస్థకు 70 లక్షల యూరోల జరిమానా వేసింది. ఆరు టూర్ సంస్థలనూ కలిపితే మొత్తం జరిమానా దాదాపు 2 కోట్ల యూరోలు. ముందు పోయే హక్కును సరుకుగా మార్చితే చివరికి జరిగేది ఇదే: మామూలు మనిషికి మామూలు టికెట్టే దొరకదు. క్యూ తప్పించుకోవడానికి మనం ఇచ్చే ప్రతి యూరో ఆ వ్యాపారానికి పెట్టుబడి. ఇప్పుడక్కడ టికెట్ మీద పేరుండాలి, గుర్తింపు కార్డు చూపాలి. మన దగ్గర రైలు తత్కాల్ కోసం చేసిన ఏర్పాటు లాంటిదే.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ ఎండలో రెండు గంటలు నిలబడగలదా, చంటిపిల్లల తల్లి సంగతేమిటి అంటారు. నిజమే. వాళ్ళను ముందు పంపాల్సిందే, కానీ వయసు చూసి, అవసరం చూసి, ఉచితంగా పంపాలి. డబ్బు చూసి పంపే క్యూలో ఆ అమ్మమ్మ కంటే ముందు పోయేది నడివయసు ఆరోగ్యవంతుడే. ప్రత్యేక టికెట్ల సొమ్ముతోనే మరమ్మతులు జరుగుతాయనే వాదనా ఉంది. మన దేశంలో కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల ప్రవేశ రుసుము ప్రభుత్వ ఖజానాకు జమ అవుతుంది, ఆ కట్టడం పెట్టెలో పడదు. కాబట్టి ఆ వాదన మన దగ్గర నిలబడదు.

ఇంతకీ హంపి గురించి ఇంత రాయడానికి నాకో కారణం ఉంది. విఠల దేవాలయం చూసి వచ్చే నెల్లూరు వాళ్ళు, హంపిలోనే ఉన్న బాలకృష్ణుడి గుడిని చాలావరకు దారిలో మరో శిథిలంగా దాటేస్తారు. ఆ గుడికి టికెట్ కూడా లేదు. అది మన గుడి. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల చేతిలో ఉన్న మన నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గాన్ని ఏడాదిన్నర పాటు ముట్టడించి 1514లో గెలిచాడు. దుర్గం మీద గుడిలో ఉన్న బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, ఆ విజయానికి గుర్తుగా 1515లో గుడి కట్టించి అందులో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అంటే మన కొండ మీది కృష్ణుణ్ణి చూడాలంటే చెన్నైలో టికెట్ కొనాలి, ఆయన కోసం కట్టిన గుడి చూడాలంటే కర్ణాటక పోవాలి. ఆయన బయలుదేరిన ఉదయగిరికి మాత్రం టికెట్టూ లేదు, కౌంటరూ లేదు.

టికెట్ లేకపోవడం గొప్ప అనుకునేవాళ్ళతోనే నా అసలు తగువు. టికెట్ లేని చోట లెక్క ఉండదు. ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో, చీకటి పడ్డాక గునపాలతో ఎవరు వచ్చారో రాసిపెట్టే పుస్తకం ఉండదు. గుప్తనిధుల పిచ్చితో గుళ్ళ గర్భాలయాలు తవ్వేసిన వార్తలు నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు కొత్త కాదు. మూడు వేల అడుగులకు పైగా ఎత్తున్న ఆ దుర్గం మీద గుళ్ళున్నాయి, మసీదులున్నాయి, కోనేర్లున్నాయి, గోడలున్నాయి. వాటి మధ్య నడిచే కొత్త మనిషికి ఏది ఏమిటో చెప్పే మనిషి లేడు. అదే విజయనగర కాలపు చంద్రగిరికి పోయి చూడండి. కోటకు టికెట్ ఉంది, రాజమహల్‌లో మ్యూజియం ఉంది, పచ్చిక ఉంది. టికెట్ పెట్టినందుకు చంద్రగిరికి జనం రావడం మానేశారా?

పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ ఉదయగిరి ముట్టడి గురించి రాస్తూ ఒక ముచ్చట చెప్పాడు. దుర్గానికి పోయే దారి ఒక్కటేనట, అదీ ఒక్కో మనిషి మాత్రమే పట్టేంత ఇరుకట. రాయలు అక్కడ కొండను కొట్టించి వెడల్పాటి బాటలు వేయించాడట. ఐదు వందల ఏళ్ళ కిందట సైన్యం కోసం వేసిన ఆ బాటల కథ మన పిల్లలకు దుర్గం కిందే, ఒక బోర్డు మీద, తెలుగులో కనబడాలి. ఉదయగిరి వెళ్ళినవాళ్ళు చెక్క గరిటెలు కొనుక్కుని తిరిగొస్తున్నారు. ఆ గరిటెలు చెక్కే చేతులకు నాలుగు డబ్బులు వస్తున్నాయంటే సంతోషమే, దుర్గానికి సందర్శకులు పెరిగితే ఆ దుకాణాలకూ పెరుగుతారు.

రుసుము అంటే ఎలా ఉండాలో మన తీరానికి ఎప్పుడో తెలుసు. నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లాలో ఉండి, ఇప్పుడు బాపట్లలోకి పోయిన మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, అన్నీ పాత రాజులు లాగేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాళ్ళ దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని గణపతిదేవుడు స్తంభం మీద చెక్కించాడు. ఎంత కట్టాలో అందరికీ కనబడాలి, కట్టినవాడికి బదులుగా రక్షణ దొరకాలి. ఈ రెండూ ఉంటేనే రుసుముకు గౌరవం. కొలోసియంలో మొదటిది పోయింది. మన ఉదయగిరిలో రెండోది ఎన్నడూ మొదలే కాలేదు.

ఉదయగిరికి రాష్ట్ర ప్రభుత్వం వెంటనే ప్రవేశ టికెట్ పెట్టాలి. పురావస్తు శాఖ రెండో తరగతి కట్టడాలకు భారతీయుల దగ్గర తీసుకుంటున్న 25 రూపాయలే ఇక్కడా చాలు. పదిహేనేళ్ళలోపు పిల్లలకు, ఉదయగిరి మండలం వాళ్ళకు, గుడికీ దర్గాకూ మసీదుకూ పోయేవాళ్ళకు ఉచితం. క్యూ దాటించే టికెట్, వీఐపీ టికెట్ అనే మాటే ఉండకూడదు. అదనం ఏదైనా ఉంటే అది శిక్షణ ఇచ్చిన స్థానిక యువకుడు వెంట వచ్చి దుర్గమంతా తిప్పి చూపించినందుకు ఉండాలి, ఆ సొమ్ము ఆ యువకుడికే పోవాలి. టికెట్ మీద వచ్చిన ప్రతి రూపాయీ ఖజానాకు పోకుండా ఆ కొండ దగ్గరే ఉండేలా ఉత్తర్వు ఇవ్వాలి: ముందు కాపలాదారు, తర్వాత మెట్ల బాట, తాగునీరు, బోర్డులు. సీతారాంపురం మీదుగా పోతే కనిగిరి వైపు భైరవకోన ఎంతో దూరం లేదు. అక్కడ ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి, జలపాతం ఉంది. ఉదయగిరి టికెట్ రెండు రోజులు చెల్లేలా చేస్తే నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం రాత్రికి ఉదయగిరిలో ఆగుతుంది, తెల్లారి భైరవకోనకు పోయి, సాయంత్రం మళ్ళీ దుర్గం ఎక్కుతుంది. ఈ ఏడాది సెలవులకు ఇంట్లో ఏ టికెట్ కొనాలనే చర్చ వచ్చినప్పుడు, కౌంటరు లేకపోయినా సరే, ఆ జాబితాలో ఉదయగిరి పేరు కూడా రాయండి. వెళ్ళి వచ్చాక మీ ఎమ్మెల్యేకు, కలెక్టరుకు టికెట్ పెట్టమని అర్జీ పెట్టండి.