సవరణ: రోహిణి కక్ష్యకు చేరింది 1980లో

పర్లాకిమిడి తెలుగు పిల్లల కోసం గత వారం రాసిన వ్యాసంలో, ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ 1979 ఆగస్టు 10న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టిందని పేర్కొన్నాను, అది తప్పు. ఆ రోజు శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోవడం వల్ల అదుపు తప్పి, అయిదు నిమిషాలు దాటాక బంగాళాఖాతంలో పడిపోయింది. నాలుగు దశలూ ఘన ఇంధనంతో నడిచేవే కదా, ఆమ్లం ఎక్కడిదని అడగవచ్చు. అది రాకెట్‌ను పైకి నెట్టేందుకు కాదు, దాని దిశను సరిదిద్దే చిన్న థ్రస్టర్లకు వాడినది. సుమారు 35 కిలోల రోహిణి కక్ష్యకు చేరింది 1980 జూలై 18న. మా వీధిలోని విశ్రాంత మాస్టారు నా ప్రతిలో 1979ని ఎర్రసిరాతో చుట్టి, "ఏడాది తొందరపడ్డావు నాయనా" అని పక్కన రాసి పంపారు.