చౌక కొటేషన్ గారికి ఒక లేఖ

మహారాజశ్రీ ప్యాకర్స్ అండ్ మూవర్స్ వారి చౌక కొటేషన్ గారి సముఖమునకు, బెంగళూరు మారతహళ్లిలోని ఒక అద్దె పోర్షన్ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీ పుట్టుకే ఒక వింత. ఇల్లు మారాలని నెట్‌లో ఫారం నింపామో లేదో, ఫోన్ మీద ఫోన్. ‘టూ బీహెచ్‌కేనా మేడం? విజయవాడకా? 14,000, అన్నీ కలిపే!’ బీరువా ఎంత ఎత్తో, మంచం విప్పితే విడుతుందో లేదో, మూడో అంతస్తుకు లిఫ్టుందో లేదో, ఆవకాయ జాడీలెన్నో ఏమీ అడగరు. పెళ్లిచూపులకే రాకుండా లగ్నం పెట్టేసే ధైర్యం మీది. ఇంటికొచ్చి, అటకతో సహా చూసి, సామాను రాసుకుని 26,000 చెప్పిన పెద్దమనిషి మీ పక్కన నిలబడితే దోపిడీదారులా కనిపిస్తాడు, పాపం.

లారీకి తాడు బిగించేదాకా మీరు 14,000 దగ్గరే బుద్ధిగా ఉంటారు. ఆ తర్వాతే మీకు ఒళ్లు వస్తుంది. మా పై పోర్షన్ వాళ్ల సామాను హొసకోటె దాటిందో లేదో మరో 12,000 పెరిగారు. మెట్ల కూలీ, గేటు నుంచి లారీ దాకా మోసిన కూలీ, ఇన్సూరెన్స్, ఈ-వే బిల్లు (సరుకు తరలించడానికి జీఎస్టీ కింద తీసుకునే పత్రం). డబ్బు పడితేనే బండి కదులుతుందన్నారు. అక్కడ విజయవాడలో ఆ పై పోర్షన్ పిన్నిగారు పాలు పొంగించడానికి పక్కింటివాళ్ల గిన్నె అడిగి తెచ్చుకున్నారు.

వీటిలో నాకు బాగా నచ్చింది ఈ-వే బిల్లు. వాడిన ఇంటి సామానుకు జీఎస్టీ నిబంధనల్లోనే దాన్నుంచి మినహాయింపు ఉంది. అక్కర్లేని కాగితానికి వెల కట్టడం, ఆ కాగితం కూడా ఇవ్వకపోవడం! ఇక ఇన్సూరెన్స్ అంటూ సామాను విలువలో 3 శాతం పట్టుకెళ్లారు కదా, బీమా కంపెనీ పాలసీ ఏదీ అంటే ‘మన గ్యారంటీయే మేడం’ అన్నారట.

మీ కార్డు కూడా చూశాను. ‘1986 నుంచి మీ సేవలో’ అని ఉంది. కార్డు మీది జీఎస్టీ నంబరును పోర్టల్‌లో కొడితే రిజిస్ట్రేషన్ నిరుటిది, పేరు ఇంకెవరిదో. బెంగళూరు ఆఫీసు అంటారు, నంబరు మాత్రం కర్ణాటక కోడ్ 29తో మొదలవదు. పక్కన ‘ఐబీఏ అప్రూవ్డ్’ ముద్ర. అది బ్యాంకులు లారీ రసీదుల మీద అప్పులివ్వడానికి ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ పెట్టుకున్న జాబితా, మా బీరువా అద్దానికి హామీ కాదు. పోనీ ఆ జాబితాలోనైనా ఉన్నారా అంటే, మీలాంటి పేరే ఉంది, ఒక్క అక్షరం తేడాతో.

మీ చౌకతనంలో ఇంకో చమత్కారం ఉందండీ. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఎక్కువ విలువని ముందే రాసిచ్చి అందుకు తగ్గ రేటు కట్టకపోతే, సామాను పోయినా పాడైనా నష్టపరిహారం కిరాయికి పది రెట్లు మించదు. అంటే మీరెంత చిక్కిపోతే మా హక్కూ అంత చిక్కిపోతుంది! అది అడగాలన్నా బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. నోటీసు పంపడానికి మీ చిరునామా ఏదీ? కార్డు మీదున్నది ఒక జెరాక్స్ షాపుది. చివరికి పిన్నిగారి అబ్బాయి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే వాళ్లూ మొదట రసీదే అడిగారు. మీరిచ్చింది వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు.

ఆషాఢం వెళ్లాక మా వంతు. మిమ్మల్ని రావద్దనను, చౌక అంటే మా ఆయనకు ప్రాణం. కాకపోతే ఫోన్‌లో కాదు, మనిషై రండి. అటక చూడండి. ప్రతి వస్తువూ, మెట్ల కూలీతో సహా ప్రతి రూపాయీ కాగితం మీద రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టండి. అడ్వాన్సు కొంతే ఇస్తాం, మిగతాది సామాను దించి, లెక్క సరిచూసుకున్నాకే. కుదరదంటారా, మీ ఇష్టం. ఆ 26,000 పెద్దమనిషి మంగళవారం టేపు పట్టుకుని మళ్లీ వస్తానన్నాడు (కొలతలకే లెండి, మంగళవారం పూట ఇల్లెవరు మారతారు!).

ఇట్లు,
మీ బేరం ఇంకా కుదరని
మారతహళ్లి అద్దెవాసి