ఐదూ ఐదూ పది అన్న నేరానికి

ఎ.ఎస్.రావు నగర్,
హైదరాబాద్.

మహారాజరాజశ్రీ ఆరంకెల సింగిల్ బోర్డు కంప్యూటరు దొరవారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగను, ఆ సంగతి నా మల్టీమీటరుకు బాగా తెలుసు.

పోయిన సంక్రాంతికి సగం ఊరు విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గర నిలబడి ఉంటే, నేను ఖాళీ అయిన హైదరాబాద్‌లో డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి తమరిని ప్రతిష్ఠించాను. 1976లో అమెరికాలో మాస్ టెక్నాలజీ వాళ్ళు 245 డాలర్లకు అమ్మిన కిమ్-1 బోర్డు పోలికలు తమరివి. అదే 6502 ప్రాసెసరు, అదే 1 మెగాహెర్ట్జ్ నడక, అవే 1152 బైట్ల ర్యామ్, 23 మీటలు, ఆరు ఎర్ర అంకెలు. తెర లేదు, మౌస్ లేదు. మా పెద్దమ్మ పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటి దాచాలంటే తమరిలాంటి వాళ్ళు వందమంది కావాలి. కిమ్-1లో వాడిన 6530 చిప్పులు ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యరు కాబట్టి తమరికి 6532నీ, ప్రోగ్రాము దాచుకునే ఒక ఈప్రామ్ చిప్పునీ విడిగా తగిలించి సర్దుకున్నారు. అసలు నగ దొరక్క గిల్టుది పెట్టి పెళ్ళి కానిచ్చినట్టు.

తమరిని ఎందుకు తెచ్చానో ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాలిటెక్నిక్ ల్యాబులో 8085 ప్రాసెసరు కిట్టు ఒక్కొక్కదానికి నలుగురం ఉండేవాళ్ళం. ఒకడు కోడ్ చదివేవాడు, ఒకడు నొక్కేవాడు, ఒకడు చూసేవాడు, నాలుగోవాడు సరిగ్గా చివరి బైటు దగ్గర రీసెట్ నొక్కేవాడు. నేను మూడేళ్ళూ చదివేవాణ్ణే. ఒక్క ప్రోగ్రామైనా మొదటినుంచి చివరిదాకా నా వేలితో నొక్కాలని అప్పటినుంచీ కోరిక.

ఆ కోరికను తమరు మొదటి రాత్రే తీర్చారు. ఇది ఒప్పుకోవాలి. టంకం వేడి ఆరకముందే అంకెలు వెలిగాయి. 18 ఏ9 05 69 05 85 10. ఏడు బైట్లు. ఐదుకు ఐదు కలిపి దాచిపెట్టు, అంతే. ప్రోగ్రామును నడిపే గో మీట నొక్కాను. జవాబు చూశాను.

పది.

మా మావయ్యగారు సహకార బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు క్యాషియరుగా చేసి రిటైరయ్యారు. లెక్క ఎక్కడున్నా ఆయన అక్కడుంటారు. "ఐదూ ఐదూ ఎంతొచ్చింది అల్లుడుగారూ?" అన్నారు. పదొచ్చిందన్నాను. "మరి ఆ ముఖమేమిటి?" అన్నారు. పది రాకూడదు మావయ్యగారూ, సున్నా, పక్కన ఏ రావాలి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, తమరిని కాదు, నన్ను చూశారు. తరవాత మా ఆవిడను వంటింట్లోకి పిలిచి చాలాసేపు మాట్లాడారు.

అక్కడ మొదలయింది దొరవారూ. 6502లో పదుల లెక్కకు ఒక జెండా బిట్టు ఉంటుంది. అది ఎత్తి ఉంటే ప్రాసెసరు మనలాగే కూడుతుంది, దించి ఉంటే పదహార్లలో కూడుతుంది, ఆ లెక్కలో తొమ్మిది తరవాతి అంకె ఏ, అంటే మన పది. పాత 6502కు రీసెట్ కొట్టినా ఆ జెండా దిగుతుందన్న నమ్మకం లేదు. కొత్త 65సి02 అయితే రీసెట్‌లో దించేస్తుంది. ఇంత తెలిసిన మనిషి ఏం చేస్తాడు? ప్రాసెసరు మార్చేస్తాడు.

ఉగాదికి ముందు ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో కోఠీ బస్సెక్కాను. గుజరాతీ గల్లీలో 104 కెపాసిటర్లు దొరికాయి, ఐసీ బేసులు దొరికాయి, బెర్గ్ స్ట్రిప్పులు మూరల లెక్కన దొరికాయి. 65సి02 అడిగితే కౌంటర్ వెనకాయన "కౌన్సా మొబైల్ భయ్యా?" అన్నాడు. చివరికి చిప్పు ఆన్‌లైన్‌లో తెప్పించాను. పాతదాంట్లో ఒకటో కాలు గ్రౌండు, కొత్తదాంట్లో అదే కాలు అవుట్‌పుట్ అన్న సంగతి, దాన్ని అలాగే గ్రౌండ్‌లోకి దిగేశాక తెలిసింది. ఆ కాలు పైకి మడిచాను. అయినా తమరు లేవలేదు. విసుగొచ్చి చెయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను, అంకెలు వెలిగాయి. చెయ్యి తీశాను, ఆరిపోయాయి.

నాలుగు రోజులు తమరిని జ్వరం చూసినట్టు చేత్తో పట్టుకుని నడిపాను. మా అమ్మాయి చంద్రుడి మీద దిగే ఆట ఆడింది. ఎడమన నాలుగు అంకెలు ఎత్తు, కుడివైపు రెండు వేగం. "చంద్రుడేడి నాన్నా?" అంది. చెయ్యి తియ్యకుండా జవాబు చెప్పడం కష్టం. తరవాత తేలిందేమంటే, 36వ కాలు పాత చిప్పులో దేనికీ తగిలించనిది, కొత్తదాంట్లో దాన్ని 5 వోల్టులకు ఎత్తి కట్టాలి, లేకపోతే అది గాల్లో వేలాడుతూ ఏ చెయ్యి దగ్గరికొస్తే ఆ చెయ్యి చెప్పినట్టు వింటుంది. రూపాయి రెసిస్టరు.

మళ్ళీ గో నొక్కాను. పది.

అప్పుడు ర్యామ్ మీద అనుమానమొచ్చింది. అది మార్చాను. ఎటూ విప్పాం కదా (ఈ మూడు ముక్కలూ నా కొంపను కూల్చినన్ని సార్లు ఇంకేవీ కూల్చలేదు) అని పక్కన ఇంకో 32 కె ర్యామ్ చిప్పు పెట్టాను. ఏడు బైట్ల ప్రోగ్రాముకి. చారాణా కోడికి బారాణా మసాలా అని మన పాతబస్తీ వాళ్ళు ఊరికే అనలేదు. సులువుగా ఉంటుందని అడ్రసుల్లో పై సగం దానికిచ్చాను, ఏ15 అనే అడ్రసు తీగ ఒక్కటి చాలు. ఆ రోజునుంచి తమరు చచ్చినట్టు పడుకున్నారు. ఎందుకంటే రీసెట్ కొట్టగానే 6502 అడ్రసుల చిట్టచివరకు వెళ్ళి "ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతుంది. కిమ్‌లో కింది 8 కె మాత్రమే నిజం, పైవన్నీ దాని నీడలు. ఆ నీడలోంచే జవాబు వస్తుంది. ఆ నీడ మీద నేను ర్యామ్ తెచ్చి కూర్చోబెట్టాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

పై 8 కె దగ్గర ర్యామ్ నోరు మూయించడానికి ఒక గేటు ఐసీ. దానికి చోటు లేక ఒక జీరో పీసీబీ, అంటే చిల్లుల ఖాళీ బోర్డు. వానాకాలం కరెంటు పోయి ఏడు బైట్లూ పోతే ర్యామ్‌లకు బ్యాటరీ. కరెంటు పోయే క్షణంలో ప్రాసెసరు రాసే పిచ్చిరాతలు పడకుండా ఇంకో ఐసీ. తీగలన్నీ జడలు కడితే కొత్త బోర్డు గీయించడం, రెవిజన్ బి. కనీసం ఐదు తీసుకోవాలన్నారు. ఒకటి తమరి కొత్త ఒళ్ళు, మిగతా నాలుగూ బాల్కనీలో దారానికి వేలాడుతూ పావురాలను బెదిరిస్తున్నాయి. ఈ ప్రాజెక్టులో ఇంతవరకు చెప్పిన పని చేసినవి అవే. గోచీని ఎలకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని పెంచి, పిల్లికి పాలకోసం ఆవును కొని, ఆవుకోసం పొలం తీసుకున్న కథ చిన్నప్పుడు విని నవ్వాను. కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః. ఆ సన్యాసికి కనీసం పాలు మిగిలాయి.

ఇంకో సిగ్గు కూడా ఉంది. మా కాలనీకి పేరిచ్చిన ఎ.ఎస్.రావు గారు స్థాపించిన ఈసీఐఎల్ మా ఇంటికి నడక దూరం. 1969 నాటి టీడీసీ-12 మొదలుకొని వాళ్ళు కంప్యూటర్లు తయారుచేశారు. సాయంత్రం వాకింగులో ఎదురయ్యే పెద్దాయనల్లో ఎవరు వాటికి టంకం పెట్టారో తెలియదు కాబట్టి నేను తల వంచుకుని నడుస్తాను.

దసరా నవమినాడు మా ఆవిడ టంకం పెట్టే ఐరన్‌కీ, మల్టీమీటరుకీ, తమరికీ కుంకుమ బొట్లు పెట్టింది. ఆయుధపూజ కాబట్టి ఆ రోజు పనిముట్లు ముట్టుకోకూడదంది. చేతులు ఖాళీ అయ్యాయి. తొమ్మిది నెలల్లో మొదటిసారి మాన్యువల్ తెరిచాను.

గో నొక్కగానే, మీటలూ అంకెలూ చూసుకునే తమరి మానిటర్ ప్రోగ్రాము ర్యామ్‌లో 00ఎఫ్1 అనే గదిలో ఉన్న బైటును తీసి, జెండాలు ఇవేనని ప్రాసెసరుకు అప్పజెబుతుందట. అందుకని ముందుగా అక్కడ 00 పెట్టుకోమని రాసుంది. నేను పెట్టలేదు. కరెంటు వచ్చినప్పుడు అక్కడ పుట్టే చెత్తే జెండా ఎత్తింది. ప్రాసెసరు పాతదైనా కొత్తదైనా ఒకటే. బ్యాటరీ పెట్టి నేను భద్రంగా కాపాడుకొచ్చింది కూడా ఆ చెత్తనే.

తెల్లవారి విజయదశమి. స్నానం చేసి కూర్చుని ఏడీ (అడ్రసు మీట), సున్నా, సున్నా, ఎఫ్, ఒకటి, డీఏ (డేటా మీట), సున్నా, సున్నా. ఎనిమిది నొక్కులు. తరవాత ప్రోగ్రాము మొదటి అడ్రసుకు వచ్చాను. గో. జవాబు గది తెరిచాను, తమరి ముఖం మీద ఎర్రగా 0ఏ వెలిగింది. నేను అరిచిన అరుపుకు మావయ్యగారు పూజ మధ్యలో లేచి వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

"అయ్యో, మొన్నటిదాకా పది చూపించేదిగా అల్లుడుగారూ. చెడగొట్టుకున్నారా?"

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడు