పద్నాలుగు టన్నుల ఇల్లు తోలడానికి కారు లైసెన్సు చాలునట!

ఇప్పుడే ఇంటికి వచ్చాను. ఇంకా కాఫీ కూడా తాగలేదు. ముందు ఇది రాసెయ్యాలి, లేకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

డాలస్ శివార్లలో పాత మోటర్‌హోమ్‌లు అమ్మే ఒక డీలరు దగ్గరికి వెళ్ళాం. 38 అడుగుల డీజిల్ బండి. వెనక మంచం, మధ్యలో పొయ్యి, సింకు, ముందున్న అద్దం మా హాలు కిటికీ కంటే పెద్దది. మా అమ్మ బయటి తిండి ముట్టదు. వేసవిలో ఆవిడ వచ్చినప్పుడు యెల్లోస్టోన్ చూపించాలంటే కుక్కరు, ఇంగువ డబ్బా, ఆవకాయ జాడీ అన్నీ వెంట రావలసిందే. అందుకని ఈ ఆలోచన. బండి అంతా తిరిగి చూశాక నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దీనికి ఏ లైసెన్సు కావాలి?

"లైసెన్సా? మీ జేబులో ఉన్నదే చాలు సార్. ఇది ఇల్లే కదా, కింద చక్రాలు ఉన్నాయి, అంతే తేడా" అన్నాడు.

డ్రైవరు సీటు పక్కన అతికించిన పట్టీ చూపించాను. గరిష్ఠ స్థూల బరువు, అంటే మనుషులు, సామానుతో సహా బండి తూగదగిన అత్యధిక బరువు, 32,000 పౌండ్లు అని ముద్రించి ఉంది. పద్నాలుగు టన్నుల పైమాట. ఆయన నా వైపు చూసి నవ్వాడు. పట్టీ మీద ముప్పైరెండు వేలు, ఆయన నోట్లో ముప్పైరెండు, అన్నీ కనిపించాయి. "రోడ్డు మీద ఎవరూ అడగరు సార్" అన్నాడు. అమ్మేవాడి ధైర్యం ఎప్పుడూ కొనేవాడి మెడ మీదే కదా!

టెక్సాస్ నిబంధన ఏమైనా తాటాకుల్లో దాచిన రహస్యమా? తయారీదారు నిర్ణయించిన బరువు 26,000 పౌండ్లు దాటిన వాహనానికి క్లాస్ బి లైసెన్సు కావాలి. సొంత విహారానికి కాబట్టి వాణిజ్య లైసెన్సు, అంటే సీడీఎల్, అక్కరలేదు. అలాగని మామూలు కారు లైసెన్సు, అంటే క్లాస్ సి, సరిపోదు. వెనక 10,000 పౌండ్లు మించిన ట్రైలరు తగిలించి, రెండూ కలిపి 26,000 దాటితే క్లాస్ ఎ కావాలి. బండి ఖాళీగా ఉందా, నీళ్ళ ట్యాంకు నిండి ఉందా, లోపల మా అమ్మ తెచ్చిన అప్పడాల కట్టలు ఎన్ని ఉన్నాయి అన్నది చట్టానికి పట్టదు. పట్టీ మీద ఏముందో అదే లెక్క. ఇంత సూటి విషయం, రోజూ ఇవే బండ్లు అమ్మి కమిషను తీసుకునే మనిషికి తెలియదంటే నేను నమ్మాలి!

సరే, అతను అమ్ముకునేవాడు. మన వాళ్ళ సంగతి చూద్దాం. పార్కింగులో నిలబడి మన వాట్సాప్ గ్రూపులో అడిగాను. క్షణంలో సమాధానం. "ఏమీ అక్కరలేదు బ్రదర్, మేము ఫ్లారిడాలో హాయిగా నడిపాం." దాని కింద బొటనవేళ్ళ వరస. ఈయన ఎవరో మీకు తెలుసు, ప్రతి గ్రూపులోనూ ఒకరు ఉంటారు. పన్నుల సలహా ఈయనే, వీసా సలహా ఈయనే, మోకాళ్ళ నొప్పికి నూనె చెప్పేదీ ఈయనే. అయ్యా, ఫ్లారిడాలో అక్కరలేదు, నిజమే. నేనున్నది ఫ్లారిడాలో కాదు. మీరు నడిపింది అద్దెకిచ్చే చిన్న బండి. అద్దె బండ్లలో చాలా వరకు ఈ గీత దరిదాపులకు కూడా రావు, కారు లైసెన్సు ఉన్న ఎవరికైనా తాళాలు ఇవ్వగలిగితేనే వాళ్ళ వ్యాపారం సాగుతుంది. సరుకు మోసే అద్దె ట్రక్కులు కూడా అంతే, 26,000 దాటకుండా చూసుకుని తయారవుతాయి. పెట్రోలు మోటర్‌హోమ్‌ల ఛాసిస్‌లలో (అంటే ఇంజను, చక్రాలు ఉండే అడుగు చట్రాల్లో) పెద్దది సరిగ్గా 26,000 దగ్గర ఆగుతుంది. అది యాదృచ్ఛికం అనుకునే అమాయకులకు నా నమస్కారం.

పోనీ దేశమంతా ఒకే మాట ఉందా అంటే, అదీ లేదు. కాలిఫోర్నియా బరువు వదిలేసి పొడవు పట్టుకుంది. 40 అడుగుల వరకు కారు లైసెన్సు, అది దాటి 45 వరకు వాణిజ్యేతర క్లాస్ బి. అంటే 40 అడుగుల బండి తోలేవాడు పుట్టుకతోనే నిపుణుడు, ఇంకో అడుగు పెరిగితే పరీక్ష రాయాలి. న్యూయార్క్‌లో 26,000 పౌండ్లు దాటితే లైసెన్సు మీద ఆర్ అనే అక్షరం చేర్పించుకోవాలి. ఫ్లారిడాలో కారు లైసెన్సుతోనే ఎంత పెద్దదైనా తోలుకోవచ్చు. దానికి తోడు మోటర్‌హోమ్ రకాలకు కూడా ఎ, బి, సి అనే పెట్టారు. బస్సులాంటి క్లాస్ ఎ బండికి క్లాస్ బి లైసెన్సు, వ్యాను లాంటి క్లాస్ బి బండికి క్లాస్ సి లైసెన్సు. ఈ పేర్లు పెట్టిన మహానుభావులు ఎవరో గానీ వాళ్ళ ఇంట్లో ఉప్పు డబ్బా మీద చక్కెర అని రాసి ఉంటుంది.

అసలు మంట ఇక్కడ. ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సును మిగతావి గౌరవిస్తాయి. కాబట్టి ఫ్లారిడా నుంచి వచ్చిన పెద్దమనిషి, జీవితంలో ఏనాడూ కారు తప్ప మరొకటి తోలనివాడు, ఇరవై టన్నుల బండిని మా ఇంటి ముందు నుంచి దర్జాగా తోలుకుపోవచ్చు. అదే వీధిలో, అంతకంటే చిన్న బండి, నేను తోలితే నేరం. మా వీధి తారుకు ఎవరి లైసెన్సు ఎక్కడిదో తెలుస్తుందన్నమాట!

నేను పరీక్షకు భయపడేవాణ్ణి కాదు. పెట్టండి, ఇస్తాను. కానీ పరీక్షకు ఆ తరగతి బండి మనమే తీసుకువెళ్ళాలి. అద్దెకు అంత బరువు బండి దొరకదు, ఎందుకో పైన చెప్పాను. అంటే ముందు బండి కొనాలి, తరువాత దాన్ని తోలే అర్హత ఉందో లేదో తేల్చుకోవాలి. కొన్న బండిని పరీక్ష దగ్గరికి తీసుకువెళ్ళాలంటే ఆ లైసెన్సు ఉన్న మనిషి పక్కన కూర్చోవాలి. ఇంత పెద్ద డాలస్‌లో, ఇన్ని వేల తెలుగు కుటుంబాల్లో, క్లాస్ బి ఉన్నవాడు ఒక్కడు కనిపించలేదు. క్లౌడ్ సర్టిఫికెట్లు ఎన్ని కావాలన్నా దొరుకుతాయి. ప్రాజెక్టు మేనేజర్లు ప్రతి సందులోనూ ఉన్నారు. బస్సు తోలేవాడు లేడు.

"అదేముంది, పెద్ద కారు అనుకుని తోలెయ్యడమే" అనేవాళ్ళకు ఒక మాట. ఈ బండి తోక వెనక చక్రాలు దాటి చాలా అడుగులు బయటికి ఉంటుంది. ఎడమకు తిప్పితే తోక కుడికి ఊగుతుంది. పెట్రోలు పంపు పక్కనుంచి బయలుదేరి కారులో తిప్పినట్టు చక్రం తిప్పారా, పంపు మీ వెంట వస్తుంది. ఎత్తు పన్నెండు పదమూడు అడుగులు, పాత వంతెనలన్నీ మీ కోసం వంగవు. బోస్టన్‌లో స్టారో డ్రైవ్ ఉంది. ఏటా సెప్టెంబరు మొదట్లో విద్యార్థులు ఇళ్ళు మారే రోజుల్లో అద్దె ట్రక్కులు అక్కడి వంతెనల కింద ఇరుక్కుని, పైకప్పు అప్పడంలా విరిగి నిలబడతాయి. హెచ్చరిక బోర్డులు ఉన్నాయి, వేలాడదీసిన గుర్తులు ఉన్నాయి. తోలేవాడికి తన బండి ఎత్తు తెలియదు, అంతే. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు.

మా బాబాయి ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే బస్సు. ఆ మలుపుల్లో ఎదురుగా మరో బస్సు వస్తే ఎవరు ఎంత వెనక్కి వెళ్ళాలో హారను మోతతో మాట్లాడుకునేవాళ్ళు. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు కాలిఫోర్నియాలోని యోసెమిటీ తీసుకువెళ్ళాం. క్యాంపుగ్రౌండులో ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, బస్సంత మోటర్‌హోమ్‌ను వెనక్కి పెడుతున్నాడు. భార్య వెనక నిలబడి చేతులు ఊపుతూ అరుస్తోంది. ఆయనకు వినపడటం లేదు, ఇంజను వెనకే ఉంది మరి. పైన్ చెట్టు కొమ్మ ఒకటి వంగింది, తరువాత విరిగింది. బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఆయనకు హెవీ లైసెన్సు ఉందిరా?"

"ఇక్కడ 40 అడుగుల వరకు అక్కరలేదు బాబాయ్. కారు లైసెన్సే."

చాలాసేపు ఆ చెట్టు వైపే చూశారు. "మరి నన్ను అన్నిసార్లు కళ్ళ పరీక్షకు ఎందుకు పంపారురా?" అన్నారు.

చెప్పండి, ఏం జవాబు చెప్పను? మన దేశంలో 7,500 కిలోలు దాటితే అది తేలికపాటి వాహనం కాదు, అక్కడితో సరి. రవాణా వాహనం నేర్చుకోవాలన్నా ముందు ఏడాది తేలికపాటి లైసెన్సు ఉండాలి. ఆర్టీఓ ఆఫీసుల బయట ఏం జరుగుతుందో నాకు చెప్పకండి, నాకూ తెలుసు. కనీసం పుస్తకంలో అయినా బరువుకు ఒక భయం ఉంది.

ఇక్కడ కూడా భయం ఉంది, జీతం తీసుకునేవాడికి మాత్రమే. ఇదే 32,000 పౌండ్ల బండిని ఫ్యాక్టరీ నుంచి డీలరుకు చేర్చే డ్రైవరుకు మామూలుగా సీడీఎల్ కావాలి. 1986లో చేసిన చట్టం అది. 2022 ఫిబ్రవరి నుంచి కొత్తగా సీడీఎల్ తీసుకునేవాడు గుర్తింపు పొందిన శిక్షణ పూర్తి చేస్తేనే పరీక్షకు రానిస్తారు. వైద్య ధ్రువపత్రం గరిష్ఠంగా రెండేళ్ళకే. మాదకద్రవ్యాల పరీక్షలు వేరే. ఆ డ్రైవరు తాళాలు దింపి వెళ్ళిన మరుక్షణం, అదే బండి ఎక్కి కూర్చున్న రిటైర్డు దంతవైద్యుడికి చాలా రాష్ట్రాల్లో ఏదీ అక్కరలేదు. విహారయాత్రకు వెళ్ళేవాడి బ్రేకులు జీతగాడి బ్రేకుల కంటే బాగా పడతాయి కాబోలు.

ఇక సౌత్ డకోటా సంగతి చెబితే నాకు రక్తపోటు పెరుగుతుంది, అయినా చెబుతాను. ఏడాది పొడవునా మోటర్‌హోమ్‌లో తిరిగేవాళ్ళకు ఆ రాష్ట్రం నివాస హోదా ఇస్తుంది. ఏం కావాలి? ఉత్తరాలు అందుకునే ఒక అద్దె చిరునామా, ఒక్క రాత్రి హోటల్లోనో క్యాంపుగ్రౌండులోనో పడుకున్న రశీదు, ఒక ప్రమాణపత్రం. పౌరసత్వం ఉన్నవాడు ఒక్క రాత్రి గురక పెట్టి, ఐదేళ్ళ లైసెన్సు తీసుకుని వెళ్ళిపోవచ్చు.

ఒక్క రాత్రి! నేను ఈ దేశంలో ఎన్ని రాత్రులు పడుకున్నాను? ఇల్లు కొన్నాను, ఆస్తిపన్ను కడుతున్నాను, పిల్లలు ఇక్కడే పుట్టారు. నా లైసెన్సు తీసి చూస్తే దాని మీద ఏమని ఉంటుంది? లిమిటెడ్ టర్మ్, పరిమిత గడువు. మీలో సగం మంది జేబుల్లో అదే కార్డు ఉంది, తీసి చూసుకోండి. 2005లో కాంగ్రెస్ చేసిన రియల్ ఐడీ చట్టం పుణ్యం. తాత్కాలిక హోదాలో ఉన్నవాడి లైసెన్సు ఆ హోదాతోపాటే చచ్చిపోవాలి. హెచ్‌-1బి ఉద్యోగ వీసాలో ఎనిమిది నెలలు మిగిలి ఉంటే లైసెన్సు ఎనిమిది నెలలే. టెక్సాస్‌లో మామూలు లైసెన్సు గడువు ఎనిమిదేళ్ళు. 85 ఏళ్ళు దాటిన తాతగారికి కూడా రెండేళ్ళు ఇస్తారు. చూపు బాగున్న, చేతులూ కాళ్ళూ ఆడుతున్న నాకు వీసా ఎంత దయ తలిస్తే అంత.

గడువు దగ్గరపడిన ప్రతిసారీ ఐ-797 (వీసా హోదా ఆమోద పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), పాస్‌పోర్టు, కరెంటు బిల్లు, బ్యాంకు కాగితం, అన్నీ ఫైలులో పెట్టుకుని బయలుదేరాలి. కౌంటరులో ఉన్న మనిషి ఆ ఐ-797ను మొదటిసారి చూస్తున్నట్టు తిప్పి తిప్పి చూసి, లోపలికి వెళ్ళి ఇంకొకరికి చూపించి, "మీ వివరాలు ధ్రువీకరణ కావాలి, ఉత్తరం వస్తుంది" అని పంపించేస్తారు. మా ఆవిడది హెచ్‌-4, నా వీసా మీద ఆధారపడిన వీసా, నా కాగితం రానిదే ఆవిడ కాగితం రాదు, ఆవిడ కాగితం రానిదే పిల్లల్ని బడికి దింపడం లేదు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదన్న నియమం ఉన్నంత కాలం ఈ వరసలో నిలబడాల్సిందే. నాకు డ్రైవింగు వచ్చా అని ఇన్నేళ్ళలో ఎవరూ మళ్ళీ అడగలేదు. నా కాగితాలు నిజమా అని మాత్రం ఏడాదీ రెండేళ్ళకోసారి అడుగుతూనే ఉన్నారు. అక్కడ తోక ఊపుతూ పంపులు పీకుతున్నవాడిని ఏ కాగితమూ అడగరు.

గ్రూపులో ఒకరు ఇప్పుడే రాశారు, "ఇంత గొడవ ఎందుకు, 26,000 లోపు పెట్రోలు బండి కొనుక్కో" అని. కొనుక్కుంటాను, మీరు చెప్పాక కొనుక్కోకపోతే ఎలా! ఎక్కించే సామాను బరువు మీరే తూచి చెప్పండి. మా అమ్మ, అత్తగారు, ఇద్దరి డబ్బాలు, రెండు గ్రైండర్లు. ఇడ్లీ పిండి బయట కొనడానికి మా అమ్మ ఒప్పుకోదు, ఒప్పించగలిగితే ముందు మీరు ఒప్పించండి. తప్పు లైసెన్సుతో తోలి ఎక్కడో తగిలితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట వెతికేది ఆ కారణమే, అప్పుడు ఈ బొటనవేళ్ళు ఎవరూ వచ్చి డబ్బు కట్టరు.

కాబట్టి ఇదే అడుగుతున్నాను, వెటకారం కాదు. డాలస్ చుట్టుపక్కల తెలుగువారిలో క్లాస్ బి లైసెన్సు ఉన్నవారు ఎవరైనా ఉంటే, స్కూలు బస్సు తోలేవారైనా సరే, ట్రక్కు తోలేవారైతే మరీ మంచిది, నాకు మెసేజ్ పెట్టండి. పరీక్ష రోజు పక్క సీట్లో కూర్చుంటే చాలు. డీజిల్ నాది, భోజనం మా ఇంట్లో, గోంగూర మాంసం కావాలంటే ముందురోజు చెప్పండి. కాస్త తొందరగా చెప్పండి, నా లైసెన్సు గడువు నవంబరు దాకానే.